రాళ్ళు ఊడదీసిన చీర

భేస్తాన్, సూరత్
24 జనవరి 2021

స్వరాజ్యం వదినకు,

మంగ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నువ్వు మాస్కును గడ్డం కింద వేలాడదీయకుండా ముక్కు మీదే పెట్టుకుంటున్నావని నమ్ముతున్నాను.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. ఉన్నది ఒక్క ఫోను. పొద్దంతా మీ మేనకోడలు విజేత ఆన్‌లైన్ క్లాసు, పొద్దుగూకితే మీ తమ్ముడి చేతిలో. ఆదివారం మీ అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటుంటే నేను వింటూనే ఉంటాను. ఆయనకు మగ్గాల చప్పుడుకు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. నీకు ఫోన్లో సగమే వినబడుతుంది. "తిన్నవా అక్కా?" "తిన్న. నువ్వు తిన్నవా?" అంతే, అరగంట. అందుకే బస్సు డ్రైవర్ బ్రహ్మచారి అన్నకు ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆయన వారానికోసారి కోరుట్ల మీదుగా వస్తాడు కదా, నీ జవాబు కూడా ఆయన చేతికే ఇయ్యి.

వదినా, పర్వత్ పాటియా కిరాయి గది వదిలేశాం. ఓనరు కొడుక్కి పెళ్ళి, గది కావాలన్నాడు. ఏడేళ్ళు చిట్టీలు కట్టి కొన్న మన వన్ రూమ్ కిచెన్‌లో సామాను దించాం. మూడో అంతస్తు. ఒక గది, ఒక వంటగది, రోడ్డు వైపు చిన్న బాల్కనీ, ఇక్కడ గ్యాలరీ అంటారు.

నా పొదుపు చూస్తే నువ్వు మెచ్చుకుంటావు. సున్నం మేమే వేసుకున్నాం. మీ తమ్ముడు గోడకంటే ఎక్కువ తన మీదే వేసుకున్నాడు. చీరల మూటలకు చుట్టి వచ్చే గుడ్డతో కర్టెన్లు కుట్టాను. నూలు చుట్టే అట్ట కోన్లు గోడకు దిగ్గొట్టి బట్టలు తగిలిస్తున్నాం. చీరల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి విజేతకు బల్ల చేశాను. పెద్ద బల్బు ఒక్కటే. ఎవరు ఏ గదిలోకి పోతే అది వాళ్ళ వెంట పోతుంది.

ఈ సంచిలో నీ చీర ఉంది. ఇంటి చీర. పసుపు రంగు, ఎర్ర అంచు. కొంగు దగ్గర ప్రింటు కొంచెం చెదిరిందని మార్కెట్లో తక్కువకు ఇచ్చారు. ఆ చెదిరిన చోట కనబడకుండా నేనే మెరుపు రాళ్ళు అంటించాను. కూలికి రాళ్ళు అంటించే పని చీరలన్నీ అయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని, పదకొండు రోజులు పట్టింది. జాకెట్టు ముక్క లోపలే ఉంది.

కరోనా తగ్గాక నువ్వు తప్పకుండా రావాలి.

నీ మరదలు
మంగ


కోరుట్ల
9 ఫిబ్రవరి 2021

మంగకు,

ఉత్తరం, చీర అందినవి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అంగన్‌వాడీ వాళ్ళందరికీ మొన్న కరోనా సూది వేశారు. రెండు రోజులు చెయ్యి లేవలేదు. అయినా గుడ్లు, పాలు ఇంటింటికీ తిరిగి పంచాను. పిల్లల తల్లులు గుడ్లు లెక్కపెట్టుకుంటారు కానీ టీచర్ ఎట్లున్నవని అడగరు.

సొంత ఇల్లు అయినందుకు సంతోషం. మా అమ్మ ఉంటే చూసి మురిసేది. సున్నంలో కొంచెం నీలిమందు కలపకపోయారా, తెల్లగా వచ్చేది. అడిగితే చెప్పేదాన్ని.

చీర తిరిగి పంపుతున్నాను. ఎర్ర అంచు, కొంగంతా మెరుపు. ఇంత మెరిసే చీర నేను కట్టుకునే రోజులు పోయాయి, ఆ సంగతి నీకూ తెలుసు. పక్కింటి చిన్నవ్వ కూడా చూసి అదే అన్నది. ఎవరికి ఇస్తే బాగుంటుందో వాళ్ళకు ఇయ్యి. అంతా అయిపోయాక చీర బస్సులో పంపడం కూడా పొదుపేనేమో, నాకు తెలియదు.

విజేతకు నువ్వుల లడ్డూలు పంపాను. తమ్ముడికి రెండు చాలు, వాడికి పన్ను నొప్పి.

ఇట్లు
స్వరాజ్యం


భేస్తాన్
22 ఫిబ్రవరి 2021

వదినకు,

లడ్డూలు అందాయి. మీ తమ్ముడు రెండు తిన్నానన్నాడు. డబ్బాలో ఆరు తగ్గాయి.

చీర చూసి రెండు పూటలు నాకు అన్నం సయించలేదు. ఉన్నమాట చెప్తున్నాను. దాచుకుని లాభం లేదు. తక్కువ ధర చీర అని ముందే రాశాను కదా. దాచిపెట్టి పంపలేదు. ప్రింటు చెదిరిందని కూడా నేనే చెప్పాను. నీకు కంచిపట్టు పెట్టే రోజు నాకూ వస్తుంది. అప్పటిదాకా నా చేతి పనే నాకున్న జరీ.

మెరుపు ఎక్కువైందన్నావు. సరే. కత్తెర మొనతో ఒక వరుస విడిచి ఒక వరుస రాళ్ళు ఊడదీశాను. జిగురు మరకలు పోవడానికి మళ్ళీ ఉతికి ఆరేశాను. అంటించడానికి పదకొండు రోజులు, ఊడదీయడానికి నాలుగు. ఊడదీసేటప్పుడు విజేత పక్కన కూర్చుని "మమ్మీ, అత్తకు చమక్ నచ్చదా?" అని అడిగింది. నచ్చదని చెప్పాను. ఇప్పుడు మెరుపు సగమే. మళ్ళీ పంపుతున్నాను. ఇది కూడా ఎక్కువే అంటే మిగతావీ తీస్తాను. కానీ ఎవరికైనా ఇయ్యమని మాత్రం అనకు. ఇది నీ పేరు మీద కొన్నది.

"అంతా అయిపోయాక" అని రాశావు. ఏమి అయిపోయిందో నాకు అర్థం కాలేదు. కిరాయి ఇంటి సామాను మోయడం గురించేనా? అది నిజమే, నువ్వు ఉంటే మోసేటప్పుడు మీ తమ్ముణ్ణి తిట్టడానికి ఇంకొక నోరు తోడయ్యేది.

మంగ


కోరుట్ల
15 మార్చి 2021

మంగకు,

రాళ్ళు ఎందుకు తీశావు పిచ్చిదానా? చీర చూసి నా మనసు ఎట్లానో అయింది. ఊడదీసిన చోట చుక్కలు చుక్కలుగా కనబడుతున్నాయి. నేను నీ పనికి వంక పెట్టలేదు. నీ చేతి పని ఎట్లాంటిదో నాకు తెలియదా? ఇక దాని గురించి రాయకు. చీర పెట్టెలో పెట్టాను, మళ్ళీ పంపను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న బ్రహ్మచారి వచ్చి మంచినీళ్ళు తాగుతూ ఒక మాట అన్నాడు. "టీచరమ్మా, మీ తమ్ముడోళ్ళు గ్యాలరీల వండుకుంటున్నరు. వంటింటికి పర్దా గట్టి పెట్టిండ్రు. ఎవలకన్న కిరాయికి ఇచ్చిండ్రో ఏమో, నేనైతే అడగలే." సొంత ఇల్లు కొనుక్కుని వంటగది కిరాయికి ఇచ్చే మనుషులను నేను ఎక్కడా చూడలేదు. పొదుపుకు ఒక హద్దు ఉంటుంది మంగా. బల్బు చేతిలో పట్టుకు తిరుగుతున్నారంటే నవ్వాను. ఇది నవ్వే సంగతి కాదు. వంటగదిలో ఎవరున్నారు? మగవాళ్ళా? ఇంట్లో తొమ్మిదేళ్ళ ఆడపిల్ల ఉందని సోయి ఉండక్కర్లేదా?

తమ్ముణ్ణి ఫోన్లో అడిగాను. "తిన్న అక్కా" అన్నాడు.

బియ్యం ఒక సంచి, కారం, పసుపు, చింతపండు పంపుతున్నాను. తిండికి ఇబ్బందైతే నాకు చెప్పాలి కానీ ఇట్లా ఇంటి పరువు రోడ్డు మీద వండుకుంటారా?

స్వరాజ్యం


భేస్తాన్
28 మార్చి 2021

వదినకు,

నీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. చెవి దగ్గర గట్టిగా చదవాల్సి వచ్చింది, అందుకని మూడో అంతస్తంతా విన్నది. నవ్వి నవ్వి ఆయనకు పొలమారింది. నేను కూడా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

వంటగదిలో ఎవరూ లేరు వదినా. కొత్త గ్యాస్ పొయ్యి ఒక్కటే ఉంది, రెండు పొయ్యిలది, డబ్బా విప్పకుండా. దాని చుట్టూ చీరలకు రాళ్ళు అంటించే జిగురు డబ్బాలు, నువ్వు పంపిన బియ్యం. దుమ్ము పడకుండా పర్దా కట్టాను.

ఆ పొయ్యి ఇంకా ముట్టించలేదు. ఇంటి ఆడబిడ్డ వచ్చి పాలు పొంగించనిది పొయ్యి ఎవరు ముట్టిస్తారు? కిరాయి గది ఖాళీ చేయాల్సి వచ్చి సామాను తెచ్చి దించాం. గృహప్రవేశం చేసుకోలేదు. రెండు నెలలుగా చిన్న సిలిండర్ పొయ్యి గ్యాలరీలో పెట్టి వండుతున్నాను. పై ఇంటి గుజరాతీ ఆవిడ, బెన్ అని పిలుస్తాం, మొన్న తొంగి చూసి "తమారే రసోడు నథీ?" అన్నది. మీకు వంటగది లేదా అని అడుగుతున్నదని విజేత చెప్పింది. విజేతే జవాబు కూడా చెప్పింది, "హై, కానీ మా అత్త దగ్గర దాని చాబీ ఉంది" అని, తాళంచెవి నీ దగ్గరున్నట్టు. బెన్‌కు ఏమి అర్థమైందో తెలియదు, పాపం, ఆ రోజు నుంచి కూరగాయలు తెచ్చి ఇస్తున్నది.

ఇప్పుడు నాకు తెలిసింది. చీర ముందుగా వచ్చేసరికి, ఇంటి పండుగ అయిపోయింది, నీ వాటా పంపారు అనుకున్నావు కదా? నేను ముందు పంపింది నీకు జాకెట్టు కుట్టించుకునే టైం ఉండాలని. ఇక్కడ కుట్టిద్దామంటే నీ కొలతలు లేవు, పైగా మజూరీ ఎక్కువ. బ్రహ్మచారి అన్న ఊరికే తెస్తానన్నాడు. ఇంతే నా పొదుపు తెలివి. చీరతోపాటు ఆ ఒక్క ముక్క రాయాలని నాకు తట్టలేదు. ఎవరికైనా తెలిసిందే కదా అనుకున్నాను.

ఉగాది దాటగానే రా.

నీ మరదలు
మంగ


కోరుట్ల
11 ఏప్రిల్ 2021

మంగా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. కాగితాలు దండగయ్యాయని నువ్వు తిడతావు.

అవును, అట్లనే అనుకున్నాను. అయిపోయింది, నన్ను పిలవలేదు అనుకున్నాను. కోపం వచ్చింది అన్నది పైమాట. లోపలి మాట వేరే. పిలవకపోవడమే న్యాయం అని కూడా అనుకున్నాను. అది ఎక్కువ బాధ పెట్టింది.

మా ఆయన, మీ పరమేశ్వర్ అన్న, పోయి రెండేళ్ళు దాటింది. అప్పటి నుంచి నన్ను శుభకార్యానికి ఎవరు పిలిచినా చివరగా పిలుస్తారు. పోతే లోపలి గదిలో కూర్చోబెడతారు. చిన్నవ్వ మనవడి పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు నేను రోకలి మీద చెయ్యి వేయబోతే, "నువ్వు జర అవుతల కూసో బిడ్డా" అన్నది. చెడ్డ మనిషి కాదు. అందరూ అనేదే అన్నది. నేను పోయి అవతల కూర్చున్నాను. ఎర్ర అంచు చీర చూసినప్పుడు నాకు ఆ రోకలి గుర్తొచ్చింది. మెరుపు సంగతి అది. నీ రాళ్ళ తప్పేమీ లేదు.

నువ్వు వయసులో చిన్నదానివి, నీకు ఇవి పట్టవు. కానీ కొత్త ఇల్లు. పిల్ల ఉన్న ఇల్లు. ముత్తయిదువ ఎవరినైనా పిలిచి పాలు పొంగించుకో. మీ భేస్తాన్‌లో మనవాళ్ళు ఎంతమంది లేరు? నేను తర్వాత వచ్చి చూసిపోతాను. పెద్దదాన్ని చెప్తున్నాను, విను.

బస్సులు మళ్ళీ ఆపుతారంటున్నారు. అక్కడ ఆసుపత్రుల సంగతి టీవీలో చూస్తే భయమేస్తున్నది. ఇంట్లోనే ఉండండి.

స్వరాజ్యం


భేస్తాన్
27 జూన్ 2021

వదినకు,

రెండు నెలల తర్వాత బ్రహ్మచారి అన్న ముఖం చూశాం. బక్కచిక్కాడు. మేము ముగ్గురం బతికి బట్టకట్టాం. మీ తమ్ముడికి మగ్గాలు మూసిన ఇరవై రోజులు పని లేదు. నువ్వు పంపిన బియ్యం ఆ రోజుల్లోనే తిన్నాం. ఫోన్లో నువ్వు "తిన్నవా" అన్నప్పుడు ఆయన "తిన్న" అన్నాడు కదా, ఆ మాట నిజమైంది నీ బియ్యంతోనే.

నీ ఉత్తరం అప్పుడే చదివాను. జవాబు రాయడానికి బస్సు లేక, ఇన్నాళ్ళు మనసులోనే రాస్తూ ఉన్నాను. ఇప్పుడు రాసేది చాలాసార్లు దిద్దిన మాట.

నా పెళ్ళైన రోజు నేను కోరుట్లలో మీ గడప ముందు నిలబడ్డాను. నువ్వు రెండు చేతులూ చాచి తలుపుకు అడ్డం నిలబడ్డావు. మొగుని పేరు చెప్పనిదే, ఆడబిడ్డ కట్నం ఇయ్యనిదే లోపలికి రానియ్యనన్నావు. నేను సిగ్గుతో చస్తుంటే, పరమేశ్వర్ అన్న వెనక నుంచి "ఓంప్రకాష్ అను బిడ్డా, నాకు ఆకలైతున్నది" అన్నాడు. నువ్వు పక్కకు జరిగితేనే నేను ఆ ఇంటి మనిషిని అయ్యాను. అప్పుడు నా తలుపు నీ చేతిలో ఉంది. అన్న పోయాడని అది నీ చేతిలోంచి ఎవరు తీసుకున్నారు? నేను తీసుకోలేదు. మీ తమ్ముడూ తీసుకోలేదు.

ముత్తయిదువను పిలువమన్నావు. నాకు ఆడబిడ్డ కావాలి. ఆడబిడ్డవి నువ్వు ఒక్కదానివే ఉన్నావు.

మీ తమ్ముడిని అడిగాను, అక్క ఇట్లా రాసింది ఏమంటావు అని. తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత "అక్క రాకుంటే నేను చాయ్ గూడ గ్యాలరీలనే తాగుత. చచ్చేదాంక" అన్నాడు. చచ్చేదాకా అనే మాట ఈ రోజుల్లో అనవద్దని కోప్పడ్డాను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. గాలివాన గ్యాలరీలోకి కొడుతున్నది. నేను రొట్టె కాలుస్తుంటే ఆయన పొయ్యి మీద గొడుగు పడతాడు. నిన్న గొడుగు నీళ్ళు పప్పులో పడ్డాయి. మంచిదే, పప్పు ఎక్కువైందని ఆయనే అన్నాడు. నన్ను చూసి పొదుపు నేర్చుకుంటున్నాడు. పెనం కింద మంట మూడుసార్లు ఆరిపోయింది. అయినా ఆ పర్దా తీయను వదినా. విజేత పెళ్ళి వంట కూడా ఇక్కడే వండుతాను.

ఆలోచించుకో. కానీ వానాకాలం పొడుగు.

నీ మరదలు
మంగ


కోరుట్ల
25 జూలై 2021

మంగా,

పప్పులో గొడుగు నీళ్ళు పోసుకు తిన్నారని చదివి ఏడ్చానో నవ్వానో నాకే తెలియలేదు.

ఆషాఢం పోనియ్. శ్రావణంలో రెండో శుక్రవారానికి వస్తాను. సూదులు రెండూ అయ్యాయి, సెలవు పెట్టాను. చీరకు జాకెట్టు కుట్టించాను.

ఒక్క షరతు. పాలు అర లీటరు చాలు. చిన్న గిన్నె పెట్టు. కొంచెం అంచు దాటితే శాస్త్రం అయిపోతుంది, మిగిలినవి చాయ్‌కి పనికొస్తాయి. ఎక్కువ హడావుడి చేయకు. నలుగురిని పిలవకు.

చిన్నవ్వకు ఇంకా చెప్పలేదు.

స్వరాజ్యం


కోరుట్ల
5 సెప్టెంబర్ 2021

మంగకు,

క్షేమంగా ఇల్లు చేరాను. బ్రహ్మచారి దారంతా పాటలు పెట్టి నిద్రపోనివ్వలేదు. నువ్వు కట్టిచ్చిన చపాతీలు నాందేడ్ దాకా వచ్చాయి.

అక్కడ ఉన్నన్నాళ్ళు నోటితో చెప్పలేకపోయాను. మీరందరూ ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

అర లీటరు అంటే నువ్వు రెండు లీటర్లు తెచ్చావు. అగ్గిపుల్ల కూడా సగం విరిచి వాడే మనిషివి. నాకు బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె పట్టుకుని వచ్చినప్పుడు, నీ చెయ్యి ఆగుతుందేమో అని చూశాను. నీ చెయ్యి ఆగలేదు. నేనే కళ్ళు మూసుకున్నాను.

పాలు అంచు దాకా వచ్చినప్పుడు నేను మంట తగ్గించబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. "పొంగనియ్యి వదినె, ఇయ్యాల పొదుపు లేదు" అన్నావు. కొత్త పొయ్యి నిండా, గట్టు మీద, నీ మూటగుడ్డ పర్దా మీద, తమ్ముడి కాళ్ళ మీద అంతా పాలే. వాడు కాళ్ళు కాలాయని ఎగురుతూ ఏడుస్తున్నాడు. కాలినందుకు కాదని నాకు తెలుసు. విజేత గ్యాలరీలోకి ఉరికి పై ఇంటి బెన్‌ను కేక వేసింది, "అత్త ఆవీ గయీ, రసోడు ఖుల్ గయా" అని, అత్త వచ్చింది, వంటగది తెరుచుకుంది అని. బెన్ చక్కెర తెచ్చి అందరి నోట్లో పోసింది. ఆమె కూడా నా లాంటిదేనని నువ్వు తర్వాత చెప్పావు. ఆ సంగతి నాకు ముందే తెలిస్తే ఆమె చెయ్యి కూడా ఆ గిన్నె మీద వేయించేదాన్ని.

మీ వంటగదిలో తాగిన మొదటి చాయ్ నేను మరువను. పాలన్నీ పొంగిపోయి అది నల్లగానే ఉంది.

ఇక్కడికి వచ్చిన మూడో రోజు ఆ చీర కట్టుకుని అంగన్‌వాడీకి పోయాను. చిన్నవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. "గిదేంది స్వరాజ్యం, ఎర్ర అంచు చీర గట్టినవ్?" అన్నది. "మా తమ్ముని ఇంట్ల పాలు పొంగిచ్చిన చీర అవ్వా. నా చేతుల మీదనే పొంగినయి" అన్నాను. చిన్నవ్వ నా కొంగు పట్టుకుని చూసింది. తర్వాత, "మంచిగున్నది. గీ చుక్కలు చుక్కలు ఏంది మరి? రాళ్ళు రాలిపోయినయా?" అని అడిగింది.

మంగా, ఆ ఊడదీసిన రాళ్ళు నువ్వు పారేసి ఉండవు. ఏ మందుబిళ్ళల డబ్బాలోనో దాచి ఉంటావు. అవన్నీ, ఒక్కటి కూడా మిగల్చకుండా, జిగురుతో సహా బ్రహ్మచారికి ఇచ్చి పంపు. మళ్ళీ అంటించుకుంటాను.

నీ ఆడబిడ్డ
స్వరాజ్యం